మూడోసారి అడిగేవాడు

మా ఊళ్ళో ఎవరింటికైనా వెళ్తే ముందు కాఫీ తాగుతారా అని అడుగుతారు. వద్దండి, ఇప్పుడే తాగి వచ్చాం అనాలి. అయ్యో, కొంచెం తాగండి అంటారు. మీకెందుకండీ శ్రమ అనాలి. శ్రమేముంది, పొయ్యి మీదే ఉంది అని మూడోసారి అంటారు. అప్పుడు, మీరింతగా అంటున్నారు కాబట్టి అర కప్పు ఇవ్వండి అని, కుర్చీ లాక్కుని కూర్చుని, కడుపునిండా తాగి, ఏలకుల రొట్టె సగం ఖాళీ చేసి రావాలి. మొదటిసారే సరే అన్నవాణ్ణి పెంపకం లేనివాడు అంటాం. రెండోసారితో అడగడం ఆపేసిన ఇల్లాలిని పిసినారి అంటాం. సుపీరియర్ సరస్సు ఒడ్డున, రాగి గనులు మూతపడిన ఈ కొండల మధ్యకి మా తాతలు ఫిన్లండ్ నుంచి తెచ్చుకున్న సామాను తక్కువే. మొహమాటం మాత్రం ఓడ నిండా తెచ్చుకున్నారు.

హెల్మి కైనులైనెన్ ఈ కాఫీ పద్ధతిని ప్రేమకి కూడా వాడింది. ఆమె జీవితంలో జరిగినవీ జరగనివీ అన్నీ అందులోంచి వచ్చినవే.

హెల్మి మా ఊరి సెలూన్ నడిపేది. మెయిన్ రోడ్డు మీద, మూతపడిన బ్యాంకుకీ చేపల ఎరలు అమ్మే కొట్టుకీ మధ్య ఉండేది ఆ షాపు. మొదటి కుర్చీ ఆమెది, రెండోది నాది. నా పేరు లోయిస్. మేమిద్దరం ఒకే వీధిలో పెరిగాం, ఒకే బస్సులో బడికి వెళ్ళాం. హెల్మి పొడగరి. చూడ్డానికి బాగుండేది, ఆ సంగతి ఎవరైనా అంటే తలుపు వేసుకుని లోపలికి వెళ్ళిపోయేది. చెయ్యి మాత్రం ఎంత మెత్తనిదంటే, ఆమె తల రుద్దుతుంటే గయ్యాళులు కూడా నిద్రపోయేవారు. పొగిడితే "ఏదో, పరవాలేదు" అనేది. మా ఊళ్ళో పరవాలేదు అంటే చాలా గొప్ప అని అర్థం.

ఆ పాఠం ఆమెకి ఎవరు చెప్పారో నాకు తెలుసు. చెప్పినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. మాకప్పుడు పదిహేనో పదహారో. శనివారం ఆవిరి స్నానాలు. ముందు ఆడవాళ్ళ వంతు, తర్వాత మగవాళ్ళది. హెల్మి వాళ్ళ పిన్ని ఇంపి రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోసి, ఆవిరి బుస్సున లేస్తుండగా మొదలుపెట్టింది.

"ఏమే హెల్మీ, హాపలా వాళ్ళ రూడీ నీ వైపే చూస్తున్నాడట?"

"ఏమో పిన్నీ, నాకేం తెలుసు."

"చూడనీ. నువ్వు మాత్రం చూడకు. వచ్చి అడిగాడనుకో, వద్దను. మళ్ళీ అడిగాడనుకో, మళ్ళీ వద్దను. మూడోసారి వచ్చినవాడే మనవాడు. మీ ఉనో బాబాయి నన్ను మూడుసార్లు అడిగాడు తెలుసా? మొదటిసారే ఊగిపోయి సరే అన్నదాన్ని మగాడు రెండు నెలల్లో మర్చిపోతాడు."

హెల్మి ఆ మాటల్ని వేదవాక్కులా విన్నది. నాకు మాత్రం ఆ వేడికి చెవులు గుయ్యిమంటూ సగం మాటలే వినిపించాయి. నా అదృష్టం.

రూడీ హాపలా నిజంగానే చూస్తున్నాడు. రెండేళ్ళు చూసి చూసి, చివరికి మధ్యవేసవి పండుగ నాడు ధైర్యం చేశాడు. సరస్సు పక్క హాలులో జంట నాట్యాలు. ఒక గోడ వెంట ఆడపిల్లలం, ఎదురు గోడ వెంట మగపిల్లలు, మధ్యలో ఖాళీ నేల. ఆ నేల దాటి రావడమంటే మా కుర్రాళ్ళకి గడ్డకట్టని సరస్సు మీద నడిచినంత పని. రూడీ వచ్చాడు. చొక్కా మెడ దగ్గర చెమటకి తడిసి ఉంది.

"ఒకసారి ఆడదామా?"

"వద్దులే రూడీ. కాళ్ళు నొప్పులు."

"సరే" అని అదే నేల దాటి వెనక్కి వెళ్ళాడు. అవతలి గోడ దగ్గర స్నేహితులు నవ్వారు. హెల్మి నా మోచెయ్యి నొక్కింది. "ఒకటి అయింది" అంది. ఆమె మొహం వెలిగిపోతోంది.

ఆకులు రాలే కాలంలో రూడీ తన తండ్రి లారీ తీసుకుని హెల్మి ఇంటికే వచ్చాడు. హాన్‌కాక్‌లో సినిమాకి వస్తావా అని అడిగాడు. పనుందిలే అంది. సరే అని లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. "రెండు" అంది హెల్మి నాతో. మూడోసారికని నీలం గౌను కుట్టుకోవడం మొదలుపెట్టింది. కాలర్ నచ్చక విప్పి మళ్ళీ కుట్టింది. క్రిస్మస్ నాట్యాలకి ఆ గౌను వేసుకుని గోడ దగ్గర నిలబడింది. అంత అందంగా ఆమెని నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. రూడీ పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమెని చూసి తల ఊపాడు.

"బాగున్నావా హెల్మీ?"

"పరవాలేదు."

అంతే. ఆ రాత్రి రూడీ ఇంకెవరితోనూ ఆడలేదు, ఆమెని అడగనూ లేదు. మరుసటి ఏడాది కాల్యుమెట్ వైపు అమ్మాయి మార్లిన్‌ని చేసుకున్నాడు. పెళ్ళి నుంచి తిరిగొస్తూ హెల్మి నన్ను అడిగింది, "ఆ మార్లిన్ ఎన్నిసార్లు వద్దందట?"

"ఒక్కసారీ అనలేదట."

"అదీ సంగతి. పాపం, రెండు నెలల్లో తెలుస్తుంది" అంది. ఇంటికి వెళ్ళాక ఏడ్చిందని వాళ్ళమ్మ మా అమ్మకి చెప్పింది.

నా సంగతి చెప్తే నవ్వుతారు. క్లిఫ్ ఒకరోజు మా వాకిట్లోకి వచ్చి, టోపీ చేతుల్లో నలుపుతూ, "లోయిస్, నిన్నొకటి అడుగుదామని" అన్నాడు. వాక్యం పూర్తి కాకముందే సరే అన్నాను. తీరా చూస్తే అతను అడగబోయింది మా నాన్న పెద్ద రంపం అరువిస్తాడా అని. ఇద్దరం కాసేపు నేల చూపులు చూశాం. "నువ్వు దేనికి సరే అన్నావు?" అన్నాడు. చెప్పాను. "అదీ మంచిదే" అన్నాడు. రంపమూ తీసుకెళ్ళాడు, నన్నూ తీసుకెళ్ళాడు. ఇప్పటికీ రంపమూ నేనూ వాళ్ళింట్లోనే ఉన్నాం. హెల్మి మాత్రం చాలాకాలం నన్ను సిగ్గులేనిదానిలా చూసింది.

తర్వాత కూడా ఆమె కోసం వచ్చినవాళ్ళు లేకపోలేదు. బడిలో సంగీతం చెప్పే ఒకాయన ఒక్కసారి అడిగి, వద్దనిపించుకుని, బదిలీ మీద వెళ్ళిపోయాడు. పాడిపశువుల వ్యాపారి ఒకాయన భార్య పోయాక రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ బంగాళాదుంపల సంచితో. నాకు ఆశ పుట్టింది. మూడో సంచి రాలేదు. హెల్మి ఆ దుంపలు ఉడకబెడుతూ, "చూశావా, నిలబడే రకం కాదు" అంది. మొహమాటానికి పోతే ఏదో అయిందని మోటు సామెత ఒకటి ఉంది. మా హెల్మికి మొహమాటానికి పోయి ఏమీ కాలేదు. అదే నా బాధ.

పైగా ఆ పాఠాన్ని తనతో ఉంచుకుందా అంటే అదీ లేదు. కుర్చీలో కూర్చున్న ప్రతి పెళ్ళికాని పిల్లకీ చెప్పేది. నాలాంటి సిగ్గులేనివాళ్ళు వినలేదు కాబట్టి ఊళ్ళో పిల్లలు పుడుతున్నారు. ఆ మధ్య ఒక చిన్నది, హైస్కూలు పిల్ల, ఫోనులోంచి తలెత్తకుండానే అంది.

"ఆంటీ, వద్దన్నాక మళ్ళీ అడిగినవాణ్ణి మేం బ్లాక్ చేస్తాం."

"అయ్యో, ఎందుకే?"

"వద్దంటే వద్దనేగా అర్థం. వినపడనట్టు మళ్ళీ అడిగేవాడితో నాకేం పని? కావాలనుకుంటే నేనే అడుగుతా."

హెల్మి కత్తెర గాల్లో ఆగిపోయింది. ఆ పిల్ల వెళ్ళాక, "ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు" అంది. నేను కింద పడ్డ జుట్టు ఊడ్చుకున్నాను.

అప్పటికి మాకు అరవై దాటాయి. ఆ ఏడే హార్లన్ డైక్‌స్ట్రా మా ఊరు వచ్చాడు. పెద్ద వంతెనకి దక్షిణాన, గ్రాండ్ రాపిడ్స్ వైపు మనిషి. అటువాళ్ళని మేం వంతెన కింది దయ్యాలంటాం, కొంచెం ప్రేమగానే. బడిలో వడ్రంగం నేర్పి రిటైరయ్యాడు. భార్య పోయాక చేపలు పట్టుకుంటూ బతుకుదామని సరస్సు దగ్గర చిన్న ఇల్లు కొనుక్కున్నాడు. మొదటిసారి షాపుకి వచ్చినప్పుడు హెల్మి కాఫీ తాగుతారా అంది.

"తాగుతానండీ, థాంక్స్" అన్నాడు.

డ్రయ్యర్ కింద కూర్చున్న ముసలమ్మ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. అదే ముసలమ్మ ఇంకోరోజు ఆయనకి ఆపిల్ పై పెట్టబోయింది. వద్దన్నాడు. మళ్ళీ పెట్టబోయింది. మళ్ళీ వద్దన్నాడు. మూడోసారి ఆయన చాలా మర్యాదగా, "వద్దని చెప్పానండీ, మీకు సరిగా వినిపించినట్టు లేదు" అని కొంచెం గట్టిగా అన్నాడు. హెల్మి గోడవైపు తిరిగి భుజాలు అదిరేలా నవ్వింది. ఆమె అలా నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో.

ఆయనకి జుట్టు పెద్దగా లేదు. చెవుల చుట్టూ వలయంలా కొంచెం. అది కత్తిరించడానికి పది నిమిషాలు చాలు. ఆయన రెండు వారాలకోసారి వచ్చేవాడు, హెల్మి దాన్ని గంటసేపు కత్తిరించేది. ఏం మాట్లాడుకునేవారు అంటే ఏమీ లేదు. పెర్చ్ చేపలు ఎక్కడ పడుతున్నాయి, మంచు ఎంత మందం కట్టింది, ఆయన భార్య చేసే బఠాణీల సూపు. ఒకరోజు హెల్మి తను చిన్నప్పుడు అకార్డియన్ నేర్చుకోవాలనుకున్నానని చెప్పింది. నాకే తెలియదు ఆ సంగతి. అద్దంలో చూస్తే ఇద్దరి మొహాలూ ఒకేలా తేటగా ఉండేవి.

మా వైపు శుక్రవారం సాయంత్రాలు హోటళ్ళలో వేయించిన చేపల భోజనం పెడతారు, జంటలు వెళ్తారు. ఆ శరదృతువులో, జింకల వేట మొదలై ఊళ్ళో మగవాళ్ళందరూ అడవి పట్టిన వారం, ఆయన కుర్చీలోంచి లేచి మెడ దులుపుకుంటూ అడిగాడు.

"హెల్మి గారూ, శుక్రవారం చేపల భోజనానికి నాతో వస్తారా?"

"వద్దులెండి. మీకెందుకు శ్రమ" అంది హెల్మి.

నా చేతిలో చీపురు ఆగిపోయింది.

"సరేనండీ" అన్నాడు హార్లన్. కోపం లేదు, చిన్నబుచ్చుకోవడం లేదు. కోటు తగిలించుకుని వెళ్ళాడు. రెండు వారాలకి మామూలుగానే వచ్చాడు. చేపల గురించీ మంచు గురించీ మామూలుగానే మాట్లాడాడు. మళ్ళీ అడగలేదు.

హెల్మి ఎదురు చూసింది. ఆయన వచ్చే రోజున మంచి చెవి దుద్దులు పెట్టుకునేది. శుక్రవారం సాయంత్రం చర్చిలో పని ఎవరైనా అప్పజెబితే కుదరదనేది. ఎందుకు కుదరదో చెప్పేది కాదు. ఒకరోజు ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"అడగందే అమ్మయినా పెట్టదు. నువ్వే అడగొచ్చుగా ఆయన్ని."

"ఆడది అడిగితే చులకనైపోతుంది."

"నేను చులకనైపోయానా?"

"నువ్వు రంపం దగ్గర సరే అన్నావు. అది లెక్కలోకి రాదు."

"నీకాయనంటే ఇష్టమా కాదా? అది చెప్పు."

హెల్మి దువ్వెనలు కడుగుతోంది. చాలాసేపు కడిగింది. "రెండు వారాలు చాలా పొడుగ్గా ఉంటున్నాయి లోయిస్" అంది.

క్రిస్మస్ అయ్యాక హార్లన్ కుర్చీలో కూర్చుని, అద్దంలోకి చూస్తూ చెప్పాడు. గ్రీన్ బేలో ఉన్న వాళ్ళమ్మాయి వచ్చేయమంటోందట. మంచు కరిగాక ఇల్లు అమ్మకానికి పెడతాడట.

"ఇక్కడ నాకు బాగానే ఉంది. కానీ ఒంటరి మనిషిని. ఫలానావాడు ఇంటికి రాలేదే అని చూసేవాళ్ళు ఎవరూ లేరు కదండీ ఇక్కడ" అన్నాడు.

హెల్మి కత్తెర ఆగలేదు. లేని జుట్టుని కత్తిరిస్తూనే ఉంది. ఆమె గొంతు సవరించుకుంది.

"మంచిదే. అక్కడ చలి తక్కువ" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. హెల్మి తలని రెండు చేతులా పట్టుకుని ఊపేయాలనిపించింది. ఈ మనిషి వెళ్ళిపోతే ఇక ఈ షాపు గుమ్మం తొక్కి ఆమెని అడిగేవాడు ఎవడూ రాడు. అది నాకు తెలుసు, ఆమెకి ఇంకా బాగా తెలుసు. తెలిసి కూడా ఆ పాత పాఠం ఆమె నోటికి అడ్డుపడుతోంది.

ఇంపి పిన్ని అప్పటికి ముసలివాళ్ళ ఆశ్రమంలో ఉంది. తొంభై దాటినా గురువారం వ్యాన్‌లో వచ్చి జుట్టు చుట్టించుకోకుండా ఉండేది కాదు. మార్చి నెలలో ఒక గురువారం, బయట ఇంకా నడుమెత్తు మంచు ఉండగా, హెల్మి ఆమె జుట్టుకి రోలర్లు చుడుతోంది.

"ఏమే, మొహం అలా పెట్టుకున్నావు? ఎవరు పోయారు?" అంది పిన్ని.

హెల్మి చెప్పలేదు. నేను చెప్పాను. వంతెన కింది మనిషి, చేపల భోజనం, గ్రీన్ బే, అన్నీ.

"ఒక్కసారే అడిగాడా?"

"ఒక్కసారే పిన్నీ" అంది హెల్మి. "అందరూ ఉనో బాబాయిలా ఉంటారా? నువ్వు రెండుసార్లు వద్దన్నా మూడోసారి వచ్చాడు."

ముసలావిడ కళ్ళు మూసుకుని నవ్వింది. "ఆయనకి వినపడలేదే."

"ఏంటి?"

"గనిలో డ్రిల్లు మెషీన్ మీద కదా పని. ఇరవై ఏళ్ళకే చెవులు పోయాయి ఆయనకి. నేనేమో సిగ్గుతో గొణిగాను. వద్దంటున్నానని ఆయనకి తెలిస్తేగా. ఇంకా ఏమీ చెప్పలేదనుకుని మళ్ళీ అడిగాడు. మూడోసారి నాకే భయమేసి తలూపాను. తల ఊపడం కనపడింది. పెళ్ళయిన పదేళ్ళకి ఒకరోజు పోట్లాటలో చెప్పాను, నిన్ను రెండుసార్లు వద్దన్నానయ్యా అని. మొహం ఇంత చేసుకుని, ఆ సంగతి తెలిస్తే మళ్ళీ వచ్చి నిన్ను విసిగించేవాణ్ణే కాదు అన్నాడు."

హెల్మి చేతిలో రోలర్ కింద పడి కుర్చీ కిందికి దొర్లింది. ఆమె తియ్యలేదు.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు పిన్నీ?"

"నువ్వు అడగలేదుగా" అంది ఇంపి పిన్ని. "అయినా చిన్నపిల్లలకి ఏదో ఒకటి చెప్తాం. నువ్వు దాన్ని పట్టుకుని కూర్చుంటావని నాకేం తెలుసు?"

మిగతా రోలర్లు నేను చుట్టాను. హెల్మి వెనక గదిలోకి వెళ్ళి తువాళ్ళు మడతపెడుతూ ఉండిపోయింది.

ఆ వారమే షాపులో తల కడిగే బేసిన్ పూడుకుపోయింది. మా ఊరికి ప్లంబర్ అంటే రూడీ హాపలాయే. మార్లిన్‌తో కాపురం చక్కగా సాగింది, మనవలు ఉన్నారు, నడుము కొంచెం వంగింది. నేల మీద వెల్లకిలా పడుకుని బేసిన్ కిందికి తల పెట్టి గొట్టం విప్పుతున్నాడు. హెల్మి పక్కన నిలబడి దీపం పట్టుకుంది. మొహం కనపడటం లేదు కాబట్టి ధైర్యం వచ్చిందనుకుంటాను.

"రూడీ, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఆ క్రిస్మస్‌కి నన్నెందుకు అడగలేదు?"

పానా చప్పుడు ఆగింది. ఏ క్రిస్మస్ అని అతను అడగలేదు.

"రెండుసార్లు వద్దన్నావు కదా హెల్మీ" అన్నాడు బేసిన్ కింద నుంచి. "రెండోసారి రావడానికే చచ్చినంత పనైంది. మా నాన్న ఒకటే చెప్పేవాడు, ఎవర్నీ విసిగించొద్దురా, ఆ అమ్మాయి కాదంటే దారిన పో అని. నువ్వు నీలం గౌను వేసుకున్నావు ఆ రోజు. చూసి, ఎవరి కోసమో అనుకున్నాను."

"నీ కోసమే."

"మరి వద్దన్నావుగా?"

"అది నిజం వద్దు కాదు."

గొట్టంలోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా బకెట్లో పడుతున్నాయి.

"నాకెలా తెలుస్తుంది హెల్మీ" అన్నాడు రూడీ మెల్లగా. "నువ్వన్న మాటే నమ్మాను."

"నమ్మడమే కరెక్టు" అంది హెల్మి. "తప్పు నీది కాదు."

"సరేలే, ఆ దీపం కొంచెం ఇటు పట్టు" అన్నాడు.

ఆమె అటు పట్టింది. పని అయ్యాక రూడీ లేచి చేతులు తుడుచుకుని, ఎప్పటిలా టోపీ తాకి వెళ్ళాడు. గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగి, "గౌను బాగుంది" అన్నాడు. మా ఊరి మగవాడి నోట అంత పెద్ద మాట నేను వినలేదు.

శనివారం మధ్యాహ్నం హెల్మి నన్ను కారు తియ్యమంది. తనకి కారు ఉంది, నడపడమూ వచ్చు. అయినా నువ్వే నడుపు అంది. ఎక్కడికని నేను అడగలేదు. దారిపొడుగునా ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. పదో తరగతిలో పద్యం అప్పజెప్పే పిల్లలా ఉంది.

హార్లన్ వాకిట్లో అమ్మకం బోర్డు అప్పుడే నాటేశారు. ఆయన గరాజు ముందు గాలాల కర్రల్ని కట్టలు కడుతున్నాడు. హెల్మి దిగింది. నేను దిగలేదు, కిటికీ అద్దం మాత్రం జానెడు దించాను. సిగ్గులేనిదాన్ని అని ముందే చెప్పాను కదా.

రోడ్డు నుంచి గరాజు దాకా బురదా మంచూ కలిసిన వాకిలి. ఆమె దాన్ని దాటుకుంటూ వెళ్ళింది. ఆయన ముందు నిలబడి, చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది, మళ్ళీ తీసింది.

"హార్లన్ గారూ, శుక్రవారం చేపల భోజనానికి నాతో వస్తారా?"

ఆయన తలెత్తి చూశాడు. ఆయన ఏదో అనేలోపే ఆమె ఆపకుండా చెప్పేసింది.

"ఒక్క శుక్రవారానికే కాదు. గ్రీన్ బే వెళ్ళకండి. మీరంటే నాకు ఇష్టం. అప్పుడు మీరు అడిగినప్పుడు కూడా ఇష్టమే. వద్దన్నాను గానీ అబద్ధం చెప్పాను. మీరు ఇంటికి రాకపోతే చూసేవాళ్ళు లేరన్నారు. నేను చూస్తాను. చూస్తూనే ఉన్నాను. మీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పండి, నేను మళ్ళీ అడగను."

నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. నాకు దేవుడు గుర్తొచ్చాడు, క్లిఫ్ గుర్తొచ్చాడు. ఆ మనిషి కాదంటే ఈమెని ఇంటికెలా తీసుకెళ్ళాలో ఆలోచించడం కూడా మొదలుపెట్టాను.

హార్లన్ చేతిలోని గాలం కర్రని గోడకి ఆనించాడు.

"సరే" అన్నాడు.

"సరే అంటే?"

"సరే అంటే సరేనండీ. వస్తాను. వెళ్ళను. రేపు పొద్దున్నే మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్తాను." కాసేపు ఆలోచించి, "నాకూ మీరంటే ఇష్టమే. మీకు ఇష్టం లేదనుకుని ఊరుకున్నాను" అన్నాడు.

హెల్మి కదల్లేదు. ఆయన ఇంకా ఏదో అంటాడని ఎదురుచూస్తున్నట్టు నిలబడింది.

"ఇంతేనా?" అంది.

"ఇంకేం కావాలండీ?"

ఆమె గరాజు మెట్టు మీద కూర్చుండిపోయింది. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. చిన్నగా కాదు. ఎప్పుడూ ఎవరి ఎదుటా గొంతెత్తని మనిషి, వీధి చివరికి వినపడేలా ఏడ్చింది. హార్లన్ కంగారుపడి కారు వైపు చూశాడు.

"లోయిస్ గారూ, నేనేమైనా తప్పు మాట్లాడానా?"

"లేదండీ. కాసేపు ఏడవనివ్వండి" అన్నాను.

ఆయన అలాగే చేశాడు. చెప్పింది చెప్పినట్టు వినే మనిషి కదా. ఆమె పక్కనే తడి మెట్టు మీద కూర్చుని, కొంత తగ్గాక నెమ్మదిగా అడిగాడు, "ఎందుకు ఏడుస్తున్నారు?"

"ఇంత తేలికని నాకు తెలీదు" అంది హెల్మి.

ఆయనకి ఆ మాట అర్థం కాలేదు. మొహం చూస్తేనే తెలిసింది. నాకు అర్థమైంది. అద్దం పైకెత్తుకుని నేనూ కార్లో కూర్చుని ఏడ్చాను.